ఆటగాళ్లను వదులుకున్న జట్టు చివరికి ఊరినే వదులుకుంది

గౌరవనీయులైన సంపాదకులకు,

2025 ఐపీఎల్ మెగా వేలానికి ముందు ఏ జట్టు ఎవరిని అట్టిపెట్టుకుంది, ఎవరిని వదులుకుంది అన్న విషయంపై మీ క్రీడా పుటల్లో వచ్చిన చర్చను శ్రద్ధగా చదివాను. ఇరవై ఏళ్లకు పైగా కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్న నాకు, ఆ చర్చ చదువుతున్నంతసేపూ మా ఓక్‌లాండ్ అథ్లెటిక్స్ బేస్‌బాల్ జట్టే కళ్లముందు మెదిలింది. ఆట లేని చలికాలంలో యాజమాన్యం తీసుకునే నిర్ణయాలు ఒక జట్టును, దానితోపాటు ఒక ఊరిని ఎలా ఖాళీ చేస్తాయో మేం దగ్గర నుంచి చూశాం. ప్రతి జట్టూ ఆటగాళ్లపై కనీసం కొంత మొత్తం ఖర్చు చేసి తీరాలన్న, అమెరికా బేస్‌బాల్‌లో లేని ఒక నిబంధన భారత క్రికెట్‌లో ఉంది. దాని విలువ మన పాఠకులకు తెలియాలన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

2018లోనూ, 2019లోనూ మా జట్టు 97 మ్యాచ్‌ల చొప్పున గెలిచింది. 2020లో తన డివిజన్‌లో, అంటే లీగ్‌లోని తన విభాగంలో, అగ్రస్థానంలో నిలిచింది. ఫస్ట్ బేస్‌లో మాట్ ఓల్సన్, థర్డ్ బేస్‌లో మాట్ చాప్‌మన్, షార్ట్‌స్టాప్‌గా మార్కస్ సెమియన్ ఉన్న ఆ ఇన్‌ఫీల్డ్‌ను (బ్యాటర్‌కు దగ్గరగా నిలబడే ఫీల్డర్ల బృందాన్ని) చూడడానికే మేం బార్ట్ అనే లోకల్ రైలెక్కి, జట్టు స్టేడియం దగ్గరి కొలీజియం స్టేషన్‌లో దిగేవాళ్లం. వేసవిలో తెనాలి నుంచి వచ్చిన మా నాన్నగారికి బేస్‌బాల్ నియమాలు సగమే అర్థమయ్యేవి కానీ, చాప్‌మన్ నేలకు వాలి బంతిని అందుకుని లేస్తూనే విసిరిన తీరు చూసి, “సోల్కర్ ఫీల్డింగ్ చూసినవాణ్ని, ఈ కుర్రాడు ఆ కోవకు చెందినవాడే” అన్నారు. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా ముందుగా ఆ కుర్రాడి సంగతే అడిగేవారు.

ముందుగా సెమియన్ వెళ్లిపోయాడు. ఈ ప్రాంతంలోనే పుట్టి, బర్క్‌లీలో చదువుకుని, 2019లో లీగ్ అత్యుత్తమ ఆటగాడి ఓటింగులో మూడో స్థానంలో నిలిచిన అతణ్ని 2020 సీజన్ ముగిశాక నిలుపుకోలేదు. టొరంటోకు వెళ్లి, 2021లో 45 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటి షాట్లు) కొట్టి, రెండో బేస్ ఆటగాళ్లలో కొత్త రికార్డు నెలకొల్పాడు. ఏడాది తిరిగాక మేనేజర్ (మన కోచ్ లాంటివాడు) బాబ్ మెల్విన్‌ను సాన్‌డియాగో జట్టుకు వెళ్లనిచ్చారు. ఇక 2022 మార్చిలో జరిగింది నేను ఇప్పటికీ మరిచిపోలేను. యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య వివాదంతో నెలల తరబడి ఆగిపోయిన ఆటగాళ్ల మార్పిడి లావాదేవీలు 10వ తేదీన మళ్లీ మొదలయ్యాయి. 12న పిచర్ (బంతి విసిరే ఆటగాడు) క్రిస్ బాసిట్ న్యూయార్క్ మెట్స్‌కూ, 14న ఓల్సన్ అట్లాంటాకూ, 16న చాప్‌మన్ టొరంటోకూ వెళ్లిపోయారు. ఏప్రిల్ 3న మరో పిచర్ షాన్ మనాయానూ ఇచ్చేశారు. అంతకుముందు ఏడు 86 మ్యాచ్‌లు గెలిచిన జట్టు ఆ ఏడు 102, మరుసటి ఏడు 112 మ్యాచ్‌లు ఓడిపోయింది.

ఈ తేదీల వెనుక ఒక లెక్క ఉంది. మేజర్ లీగ్‌లోకి, అంటే అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్‌లోకి వచ్చిన ఆటగాడు దాదాపు ఆరేళ్లపాటు ఆ జట్టుకే కట్టుబడి ఉండాలి. మొదటి మూడేళ్లు అతనికి దక్కేది దాదాపుగా కనీస వేతనమే. తర్వాతి మూడేళ్లు మధ్యవర్తిత్వం ద్వారా జీతం పెరుగుతుంది, ఆపైన అతను స్వేచ్ఛగా ఎక్కడికైనా వెళ్లవచ్చు. ఆటగాడు పండే సమయానికి జీతం కూడా పెరుగుతుంది కాబట్టి, ఇవ్వడానికి మనసొప్పని యజమాని సరిగ్గా అప్పుడే అతణ్ని వేరే జట్టుకు ఇచ్చి, బదులుగా కనీస వేతనానికి ఆడే కుర్రాళ్లను తెచ్చుకుంటాడు. ఓల్సన్‌ను తీసుకున్న మర్నాడే అట్లాంటా అతనితో 8 ఏళ్లకు 16.8 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. 2023లో అతను 54 హోమ్ రన్లు కొట్టాడు. ఆ లావాదేవీలో మాకు వచ్చిన క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) షే లాంగెలియర్స్ మంచి ఆటగాడే, 2024లో 29 హోమ్ రన్లు కొట్టాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ 2022 డిసెంబరులో క్యాచర్ షాన్ మర్ఫీని ఇచ్చేసినప్పుడు, మూడు జట్ల మధ్య జరిగిన ఆ మార్పిడిలో విలియం కాంట్రెరాస్ లాంటి క్యాచర్ మిల్వాకీకి దక్కితే, మాకు ప్రధానంగా దక్కింది వేగంగా పరుగెత్తగల ఎస్తూరీ రూయిజ్. ఇలాంటి బేరాన్ని ఏ అభిమానికి ఎలా సమర్థించి చెప్పగలం?

జట్టు ఓడుతుంటే స్టేడియం ఖాళీ అయింది. ఖాళీ సీట్లను చూపించి, ఈ ఊరికి జట్టుపై ప్రేమ లేదన్నారు. ఆ నింద మా గుండెల్లో గుచ్చుకుంది. 2023 జూన్ 13న అభిమానులు పట్టుబట్టి 27,759 మంది మైదానానికి వచ్చి, జట్టును అమ్మేయమని యజమాని జాన్ ఫిషర్‌ను ఉద్దేశించి గొంతెత్తి అరిచారు. అదే వారంలో, అతను జట్టును తరలించాలనుకున్న లాస్ వేగాస్‌లో కొత్త స్టేడియం కోసం గరిష్ఠంగా 38 కోట్ల డాలర్ల ప్రజాధనం ఇచ్చేందుకు, ఆ నగరం ఉన్న నెవాడా రాష్ట్ర శాసనసభ ఆమోదం తెలిపింది. 1968 నుంచి ఓక్‌లాండ్‌లో ఉండి నాలుగుసార్లు వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టు 2024 సెప్టెంబరు 26న అక్కడ చివరి మ్యాచ్ ఆడింది. ఆ రోజు వచ్చినవారు 46,889 మంది. మేం నలుగురం అందులో ఉన్నాం.

ఇక 2024-25 చలికాలం సంగతి చూడండి. లాస్ వేగాస్‌కు వెళ్లేలోగా ఆడేందుకు శాక్రమెంటోలోని మైనర్ లీగ్ (కింది స్థాయి పోటీల) మైదానానికి వెళుతూ, అదే యాజమాన్యం పిచర్ లూయిస్ సెవెరీనోకు మూడేళ్లకు 6.7 కోట్ల డాలర్లు ఇచ్చింది. జట్టు చరిత్రలో అప్పటివరకూ ఎవరికీ అంత మొత్తం ఇవ్వలేదు. 2024లో 39 హోమ్ రన్లు కొట్టిన బ్రెంట్ రూకర్‌తో 5 ఏళ్లకు 6 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2024లో 30 జట్లలోనూ జీతాలకు అతి తక్కువ ఖర్చు చేసిన సంస్థకు ఇంత సొమ్ము ఒక్కసారిగా ఎక్కడి నుంచి వచ్చింది? మేజర్ లీగ్ జట్లు తమ స్థానిక ఆదాయంలో 48 శాతం ఉమ్మడి నిధిలో వేసి సమానంగా పంచుకుంటాయి. ఆ పంపకంలో లాభపడే జట్టు, వచ్చిన వాటాకు తగినంతగా జీతాలపై ఖర్చు పెట్టకపోతే ఆటగాళ్ల సంఘం ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదు భయమే ఈ ఖర్చుకు కారణమని ఇక్కడి పత్రికలు రాశాయి. అదే నిజమైతే, యాభై ఏడేళ్ల అభిమానం చేయించలేని పనిని ఒక బలహీనమైన నిబంధన చేయించిందన్నమాట.

ఐపీఎల్‌లో ఈ నిబంధన ఇంతకంటే గట్టిగా ఉంది. ప్రతి ఫ్రాంచైజీ తన పర్సులో, అంటే ఆటగాళ్ల కోసం నిర్ణయించిన మొత్తంలో, కనీసం 75 శాతం ఖర్చు చేసి తీరాలి. 2022 వేలానికి ముందు సన్‌రైజర్స్ డేవిడ్ వార్నర్‌నూ, రషీద్ ఖాన్‌నూ వదులుకున్నప్పుడు హైదరాబాద్‌లోని మా బంధువులు ఎంత బాధపడ్డారో నాకు తెలుసు. అయినా ఆ మిగిలిన సొమ్ములో చాలావరకు మళ్లీ ఆటగాళ్లకే వెళ్లాల్సి వచ్చింది, అంతా యజమాని జేబులో ఉండిపోయే వీలు లేదు. 2025 వేలానికి ముందు నితీశ్ కుమార్ రెడ్డిని 6 కోట్లకు అట్టిపెట్టుకున్నప్పుడు విశాఖలో కలిగిన సంతోషం లాంటిది మాకు ఓక్‌లాండ్‌లో ఎన్నో ఏళ్లుగా దక్కలేదు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అలాంటి కనీస పరిమితి ఏదీ లేదు.

ఇక్కడి యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది. కొత్త ఒప్పందంలో ప్రతి జట్టుకూ కనీస జీతాల పరిమితి ఉండాలనీ, స్టేడియాలకు ప్రజాధనం తీసుకునే యజమాని ఆ పరిమితి కంటే ఎక్కువే ఖర్చు చేయాలనీ నా అభిప్రాయం. భారత బోర్డు కూడా తన 75 శాతం నిబంధనను ఎవరి ఒత్తిడికీ సడలించకూడదు. చాప్‌మన్ ఇప్పుడు బే (సముద్రపు అఖాతం) అవతలి ఒడ్డున శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు ఆడుతున్నాడు. 2024 సెప్టెంబరులో ఆ జట్టు అతనితో 6 ఏళ్లకు 15.1 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. నాన్నగారికి ఆ సంగతి చెబితే, “అయితే మన ఊరికి దగ్గరగానే ఉన్నాడుగా, మనవాళ్లు ఎందుకు ఇవ్వలేకపోయారు?” అని అడిగారు. మీ పత్రిక ద్వారా ఆయన చదవబోయే ఈ లేఖే ఆ ప్రశ్నకు నా జవాబు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
ఫ్రీమాంట్, కాలిఫోర్నియా