ఇంపాక్ట్ బలం రాసేటప్పుడు నమూనా సైజూ రాయాలి

సంపాదకులకు నమస్కారం.

దెబ్బ ఎంత వేగంగా తగిలితే కాంక్రీటు అంత ఎక్కువ బలం (ఇంపాక్ట్ బలం) చూపిస్తుందన్న మాట వార్తల్లోనూ ప్రకటనల్లోనూ తరచూ కనిపిస్తోంది. మాట నిజమే. కానీ "మామూలు బలానికి రెండింతలు" అని రాసి, ఆ అంకె ఎంత సైజు నమూనా మీద వచ్చిందో రాయకపోతే ఇంజనీరుకు దానితో పనిలేదు. నమ్మి వాడితే ప్రమాదం కూడా.

నెమ్మదిగా నొక్కే పరీక్షలో సంగతి తెలిసిందే. 100 మి.మీ. క్యూబు 150 మి.మీ. క్యూబు కన్నా కాస్త ఎక్కువ బలం చూపిస్తుంది. నమూనా పెద్దదయ్యేకొద్దీ అందులో పెద్ద లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. పగులు సాగడానికి దొరికే శక్తీ పెరుగుతుంది.

దెబ్బ దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క చాలాసార్లు తిరగబడుతుంది. నమూనాను రెండు పొడవాటి లోహపు బార్‌ల మధ్య పెట్టి, ఒకదాన్ని ఇంకో బార్‌తో కొట్టే హాప్కిన్సన్ బార్ పరీక్షలో వ్యాసం ఎక్కువున్న నమూనాయే ఎక్కువ బలం చూపించవచ్చు. కారణం జడత్వం. నిలువునా నలుగుతున్న కాంక్రీటు పక్కలకు ఉబ్బాలి. కొన్ని మైక్రోసెకన్లలో అంత బరువు పక్కకు కదల్లేదు కాబట్టి బయటి భాగం లోపలి భాగాన్ని బిగించి పడుతుంది. ఈ బిగింపు వ్యాసార్ధం వర్గంతో పెరుగుతుంది. మిగతావన్నీ అలాగే ఉంచి వ్యాసం 50 నుంచి 100 మి.మీ.కు పెంచితే నాలుగింతలవుతుంది. అంటే కొలిచిన బలంలో కొంత కాంక్రీటుది కాదు, నమూనా సైజుది. ఆ మొత్తాన్నీ పదార్థ గుణంగా డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, అది జడత్వాన్ని ఎలాగూ విడిగా లెక్కగడుతుంది కనుక, ఒకే లాభం రెండుసార్లు చేరుతుంది. మా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే.

అలాగని నమూనాను ఇష్టమొచ్చినంత చిన్నది చేయలేం. వ్యాసం కనీసం గరిష్ఠ కంకర సైజుకు మూడింతలుండాలి. 20 మి.మీ. కంకరైతే 60 మి.మీ.కు తగ్గకూడదు. తగ్గితే ఒకసారి రాయి బలం, ఇంకోసారి మోర్టార్ బలం కొలిచినట్టవుతుంది.

పొడవుతో మరో చిక్కుంది. కాంక్రీటులో దెబ్బ పుట్టించే ఒత్తిడి తరంగం వేగం సెకనుకు సుమారు 4,000 మీటర్లు. 100 మి.మీ. పొడవు దాటడానికి 25 మైక్రోసెకన్లు పడుతుంది. రెండు చివర్లా ఒత్తిడి సమం కావాలంటే తరంగం ఆ పొడవును మూడు నాలుగుసార్లు దాటాలి, అంటే 75 నుంచి 100 మైక్రోసెకన్లు. స్ట్రెయిన్ రేటు (పొడవు ఎన్నో వంతు తగ్గిందో చెప్పే స్ట్రెయిన్ ఎంత వేగంగా పెరుగుతుందో) సెకనుకు 100 దగ్గర నిలకడగా ఉంటే, కాంక్రీటు చిట్లే 0.003 స్ట్రెయిన్ 30 మైక్రోసెకన్లలోనే వచ్చేస్తుంది. రెండు చివర్లూ సమం కాకముందే నమూనా చిట్లిపోతుంది. అప్పుడు గ్రాఫ్‌లో కనిపించే శిఖరాన్ని బలం అనకూడదు. అందుకే పొడవును వ్యాసంలో సగం దాకా తగ్గిస్తారు. కొట్టే బార్ తగిలేచోట పల్చటి రాగి బిళ్ల పెట్టి తరంగం మెల్లగా పెరిగేలా చేస్తారు. పొట్టి నమూనాలో చివర్ల రాపిడి కూడా బలాన్ని పెంచి చూపిస్తుంది కాబట్టి ముఖాలకు పల్చగా గ్రీజు రాయాలి. ముఖాలు సమాంతరంగా గ్రైండ్ చేయకపోతే ఒక అంచు ముందు తగిలి అక్కడే పెచ్చు లేస్తుంది. ఆ ఫలితం పక్కన పెట్టాల్సిందే.

సుత్తి జారవిడిచే పరీక్ష వేరు. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ 544 కమిటీ పద్ధతిలో 4.54 కిలోల సుత్తిని 457 మి.మీ. ఎత్తు నుంచి వదులుతారు. ఒక్కో దెబ్బ సుమారు 20 జౌళ్లు. బిళ్ల వ్యాసం 152 మి.మీ., మందం 63.5 మి.మీ. అందులో వచ్చేది బిళ్ల పగిలేదాకా పడ్డ దెబ్బల సంఖ్యే గానీ బలం కాదు. ఒకే బ్యాచ్ బిళ్లల మధ్య కూడా చాలా తేడా వస్తుంది. మందం మారితే ఆ సంఖ్యలను పోల్చనే కూడదు.

ఇలాంటి ఫలితాలు ప్రచురించేటప్పుడు నమూనా వ్యాసం, పొడవు, కంకర సైజు, స్ట్రెయిన్ రేటు, ఎన్ని నమూనాల సగటో అడిగి వేయవలసిందిగా కోరుతున్నాం. "రెండింతలు" అన్నది అదే సైజు నమూనాను నెమ్మదిగా నొక్కి తీసిన బలంతో పోల్చి చెప్పిందేనా అని కూడా అడగండి. 75 మి.మీ. పొట్టి బిళ్ల ఇంపాక్ట్ బలాన్ని 150 మి.మీ. క్యూబు బలంతో భాగిస్తే, సైజు వల్ల వచ్చిన తేడా కూడా వేగం ఖాతాలోకే పోతుంది.

ఇట్లు,
కాంక్రీటు పరీక్షల ఇంజనీర్లు