బొమ్మల పుస్తకాలకు తాళాలెందుకు?

సంపాదకుల వారికి,

సమగ్ర శిక్ష అనే కేంద్ర విద్యా పథకం కింద ప్రాథమిక పాఠశాల లైబ్రరీకి ఏటా 5,000 రూపాయల గ్రాంటు ఇచ్చే ఏర్పాటు ఉంది. అయినా చాలాచోట్ల బొమ్మల పుస్తకాలు ఇప్పటికీ బీరువాలోనే ఉంటున్నాయి. చిరిగితే ఎవరు జవాబు చెప్పాలన్నదే టీచర్ల టెన్షన్. పసిపిల్లలు చదివిన పుస్తకం నలుగుతుంది, అట్ట ఊడుతుంది. అది నష్టం కాదు. అలా అరిగిన పుస్తకాలను రికార్డు నుంచి తీసేయవచ్చని విద్యాశాఖ హెడ్మాస్టర్లకు రాతపూర్వకంగా చెప్పాలి.

ఒకటి, రెండు తరగతుల పిల్లలు అక్షరాలకన్నా ముందు బొమ్మలు చదువుతారు. టీచర్ పుస్తకాన్ని వాళ్లవైపు తిప్పి పట్టుకుని, పేజీ తిప్పబోతూ కాస్త ఆగి, "ఇప్పుడేమవుతుంది?" అని అడగాలి. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల కూడా ఏదో ఒకటి చెబుతుంది. దయచేసి ఆ జవాబును సరిదిద్దకండి! మర్నాడు మళ్లీ అదే కథ కావాలంటారు, విసుక్కోకుండా చదవండి. వాక్యాలు నోటికొచ్చాక తామే వేలు పెట్టి చదువుతామంటారు. ఇంట్లో గోండి, కోయ మాట్లాడే పిల్లలకైతే తెలుగు పుస్తకంలో బొమ్మే మొదటి ఆధారం.

పుస్తకాలు దొరకవనుకోనక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, ప్రింటు తీసుకోవచ్చు. లైబ్రరీ పీరియడ్‌ను సిలబస్‌కు వాడేయకుండా అధికారులు చూడాలని మనవి.

- ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు