మధ్యాహ్నం రెండు దాటాక బోట్లు ఎందుకు ఇవ్వడం లేదంటే

పార్కు చెరువులో మా పెడల్ బోట్లు అద్దెకు తీసుకునే వారందరికీ ఈ సమాచారం. ఇకపై మధ్యాహ్నం రెండు దాటాక కొత్తగా బోటు ఇవ్వం. బయటికెళ్లినవన్నీ మూడింటికల్లా రేవుకు చేరాలి. సాయంత్రం తీరిక దొరికే కుటుంబాలకు ఇది ఇబ్బందేనని తెలుసు, మా రాబడీ తగ్గుతుంది. "నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా, ఎందుకు ఆపారు?" అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి కారణం వివరంగా చెబుతున్నాం.

రేవు దగ్గర నీళ్లు అద్దంలాగే ఉంటాయి. వెనకున్న చెట్లు గాలిని ఆపుతాయి. 15 మీటర్ల ఎత్తు చెట్లు వరసగా ఉంటే ఆ చాటు 150 మీటర్ల దాకా ఉంటుంది. అది దాటగానే గాలి నేరుగా బోటుకు తగులుతుంది, ముందుకు పోయేకొద్దీ అలలు పెద్దవవుతాయి. పెడల్ బోటు నీళ్లలో మునిగేది తక్కువ, పైకి కనబడేది ఎక్కువ. అందుకే గాలి దాన్ని సులువుగా అవతలి గట్టుకు నెట్టేస్తుంది. వెళ్లేటప్పుడు హాయిగా ఉంటుంది, కష్టమంతా తిరుగు ప్రయాణంలోనే. అప్పటికి పిల్లల కాళ్లు అలిసిపోయి ఉంటాయి. ఎండకు నేల వేడెక్కి, పైనున్న జోరు గాలి కిందికి కలుస్తుంది కాబట్టి ఈ బెడద మధ్యాహ్నమే ఎక్కువ.

ఉదయం వచ్చినా ఒకసారి అవతలి గట్టు చెట్లకేసి చూడండి. తల మీది కొమ్మలను చూసి లాభం లేదు, అవి చాటులో ఉంటాయి. ఆకులు, సన్నని రెమ్మలు ఆగకుండా ఊగుతుంటే గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లు. అప్పుడు పెద్దవాళ్లు తొక్కే బోట్లే వదులుతాం. చిన్న కొమ్మలు ఊగుతూ, దుమ్మూ కాగితాలూ లేస్తుంటే 20 నుంచి 28. ఇక ఉదయమైనా సరే, ఆపేస్తాం. ఇది మేం కల్పించిన లెక్క కాదు, 1805లో బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బోఫోర్ట్ మొదలుపెట్టిన గాలి కొలతలో భాగం. రేవు నుంచి ముందుగా గాలికి ఎదురు వెళ్లండి, వచ్చేటప్పుడు అదే మిమ్మల్ని తోసుకొస్తుంది.

నడిమధ్యలో పెడల్ బిగుసుకుపోతే బోటు పాడైందని కంగారు పడకండి. చాలాసార్లు అది కింద చక్రానికి చుట్టుకున్న నాచే. బలంగా ముందుకు తొక్కితే ఇంకా బిగుస్తుంది. రెండు మూడు చుట్లు వెనక్కి తొక్కండి, నాచు విప్పుకుని జారిపోతుంది. పోకపోతే ఈల వేయండి, మేం వస్తాం. చేత్తో లాగుదామని అందరూ ఒకే పక్కకు వంగడమే అన్నిటికన్నా ప్రమాదం.

లైఫ్ జాకెట్ విషయంలో "ఎదిగే పిల్లాడు కదా" అని ఒక సైజు పెద్దది అడగొద్దు. బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే నీళ్లలో పిల్లాడు అందులోంచి జారిపోతాడు. చిన్నపిల్లలకు కాళ్ల మధ్య పట్టీ తప్పనిసరి.

గాలి లేని వేడి రోజులకు వేరే జాగ్రత్త ఉంది. ఒడ్డున ఆకుపచ్చ తెట్టు కనిపిస్తే పుల్లతో కదిపి చూడండి. దారాల్లా వేలాడితే మామూలు నాచు. పెయింటులా పుల్లకు పూసుకుంటే సయనోబ్యాక్టీరియా (నాచులా కనిపించే సూక్ష్మజీవులు) కావచ్చు, దానిలో విషం ఉండొచ్చు. ఆ నీళ్లను మరిగించినా విషం పోదు. కుక్కలు ఆ నీళ్లు తాగి చనిపోవచ్చు, బొచ్చుకు అంటింది నాకినా ప్రమాదమే. వెంటనే మంచినీళ్లతో కడగండి. చిరుగాలి ఈ తెట్టును ఒక గట్టుకే తోస్తుంది కాబట్టి, రేవు శుభ్రంగా ఉందని చెరువంతా అలాగే ఉందనుకోవద్దు. తెట్టు కనిపించిన రోజు రేవు దగ్గర ఎర్ర బోర్డు పెడతాం.

ఉరుము వినబడితే బోట్లన్నీ వెంటనే వెనక్కి పిలుస్తాం. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా మళ్లీ వదలం. ఆ సమయంలో చెట్ల కింద నిలబడకండి, పార్కు భవనంలోకో కారులోకో వెళ్లండి.

గాలివల్లో ఉరుమువల్లో బోటు షికారు ఆగిపోతే, ముందే కట్టిన డబ్బు మొత్తం తిరిగి ఇస్తాం. మరో రోజు ఉదయానికి మార్చుకోవాలన్నా సరే.