ఘాట్ దిగేముందు బ్రేక్ ఆయిల్ మార్పించు

ఒరేయ్ శీనూ,

సెకండ్ హ్యాండ్‌లో సెడాన్ కొన్నావని, పిల్లల పరీక్షలు కాగానే అమ్మానాన్నల్ని కూడా ఎక్కించుకుని అందులోనే తిరుమల వెళ్తున్నావని మా చెల్లి చెప్పింది. ఎంత సంతోషమేసిందో! కానీ కొండ దిగడం గుర్తొచ్చి టెన్షన్ కూడా మొదలైంది. ఫోన్లో చెబితే "సరేలే రా" అని వేరే కబుర్లలోకి వెళ్లిపోతావు, అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

పోయిన దసరా సెలవుల్లో మా బావ కారులో కొండ దిగుతున్నాం. ఐదుగురం, డిక్కీ నిండా సామాను. బావ నడుపుతున్నాడు, నేను పక్క సీట్లో. సగం దూరం వచ్చేసరికి ఏదో మాడిన వాసన. ముందు పోతున్న బస్సుదేమో అనుకున్నాం. ఇంకో రెండు మలుపులు తిరిగాక బావ, "పెడల్ మెత్తగా దిగిపోతోంది రా" అన్నాడు. చూస్తే కాలు మ్యాట్ దాకా వెళ్తోంది, బండి మాత్రం ఆగట్లేదు. వెనక అక్క గోవిందా గోవిందా అంటోంది. బావ బెదిరిపోలేదు, అదే మమ్మల్ని కాపాడింది. పెడల్ టకటకా నాలుగైదుసార్లు కొట్టాడు, కాస్త పట్టు దొరికింది. గేరు సెకండ్‌కి, తర్వాత ఫస్ట్‌కి దించాడు, ఇంజిన్ గుయ్‌మని అరిచింది. హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కిపట్టి కొంచెం కొంచెంగా లాగుతూ, లోయ వైపు పోకుండా కొండ వైపు గోడ పక్కకి తెచ్చి ఆపాడు. హ్యాండ్‌బ్రేక్ ఒక్కసారిగా లాగి ఉంటే వెనక చక్రాలు పట్టేసి బండి గిర్రున తిరిగేది.

దిగి చూస్తే ముందు చక్రాల దగ్గర పొగ. నేను నీళ్ల సీసా తీశానో లేదో, వెనకే ఆగిన టాక్సీ డ్రైవర్ "పోయకండి సార్, డిస్కులు వంకరపోతాయి, అరగంట అలా వదిలేయండి" అన్నాడు. అరగంటయ్యాక పెడల్ మళ్లీ గట్టిగా, ఏమీ జరగనట్టు! అసలు ప్రమాదం అక్కడే ఉంది రా. బాగైపోయిందనుకుని మళ్లీ అదే తీరులో దిగేవాళ్లు ఎంతమందో.

జరిగిందేమిటంటే, బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక అది 155 దరిదాపులకి పడిపోవచ్చు. ఘాట్‌లో పొడుగునా బ్రేకు తొక్కుతూ దిగితే ఆ వేడి తేలిగ్గా వస్తుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, అప్పుడు పెడల్ తొక్కితే గాలి నిండిన సిరంజిని నొక్కినట్టే. బావ కారులో ఆయిల్ ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తులేదు. ఆ డ్రైవరన్న అన్నది కూడా రాస్తున్నా: "ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి సార్."

మా ఆఫీసులో కిరణ్‌ది వేరే కథ. అతని పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. రెండు కాళ్లతో తొక్కితే గానీ ఆగలేదట. బ్రేక్ బూస్టర్‌కి, అంటే ఇంజిన్ వాక్యూమ్‌తో మన కాలి బలాన్ని పెంచే భాగానికి, వెళ్లే పైపు పగిలింది. ఇంజిన్ ఆపినా ఇదే గతి: ఒకటి రెండుసార్లు తొక్కేసరికి బూస్టర్‌లో దాచుకున్న వాక్యూమ్ అయిపోతుంది. పెట్రోల్ మిగులుతుందని దిగుడులో ఇంజిన్ ఆపేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పవర్ స్టీరింగ్ కూడా పోతుంది కదా! నువ్వు మాత్రం చచ్చినా ఆ పని చెయ్యకు.

మూడోది మ్యాట్. ఒకదాని మీద ఇంకోటి వేస్తారు మనవాళ్లు. 2009 ఆగస్టులో అమెరికాలో శాన్‌డియాగో దగ్గర ఒక లెక్సస్ ఈఎస్ 350లో నలుగురు చనిపోయారు. ఆ కారుది కాని మ్యాట్ వేయడంతో యాక్సిలరేటర్ పెడల్ దానికి చిక్కుకుని నొక్కుకునే ఉండిపోయింది. బ్రేకులు కాలిపోయాయి గానీ బండి ఆగలేదు. ఇంజిన్ పూర్తి జోరులో ఉంటే బూస్టర్‌కి కొత్తగా వాక్యూమ్ అందదు. అందుకే ఇక్కడ టకటకా కొట్టకూడదు. ఒకే తొక్కుడు, ఉన్న బలమంతా పెట్టి, వెంటనే న్యూట్రల్. బావకి జరిగినదానికి మాత్రం పెడల్ కొట్టడమే సరైంది, న్యూట్రల్ చేస్తే ప్రమాదం. కాలికింద పెడల్ మెత్తగా ఉందా, బిగుసుకుపోయిందా, బండి తనంతట తను పరుగెడుతోందా అన్నది ముందు పోల్చుకో. చేసే పని దాన్నిబట్టే.

ఇంకోటి, సిగ్నల్ దగ్గర ఆగి కాలు పెడల్ మీదే ఉంచినప్పుడు అది మెల్లగా కిందకి జారుతోందా చూడు. జారితే మాస్టర్ సిలిండర్‌లో, అంటే పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే భాగంలో, సీలు అరిగి ఉండొచ్చు. బయట చుక్క కూడా కారదు, అందుకని మెకానిక్ "ఏం లేదన్నా" అనేస్తాడు. ఒప్పుకోకు.

కొండకి బయల్దేరేలోపు ఆయిల్ పూర్తిగా మార్పించు. పైన కొంచెం పోసి మూత పెడితే చాలదు. నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ పైపుల్లోని గాలి తీయించి, పాత ఆయిల్ సీసాలో పట్టి చూపించమను. బ్రేక్ ప్యాడ్‌లు చక్రం విప్పించి నువ్వే చూడు. డ్రైవర్ సీటు కింద నుంచి నీళ్ల సీసాలేవీ పెడల్ కిందకి దొర్లకుండా చూడమని పిన్నికి చెప్పు. అయ్యాక ఫోన్ చెయ్, అప్పటిదాకా నాకు స్థిమితం ఉండదు. బాబాయికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ
రవి