మా చెల్లినీ, బాబునీ కాపాడిన అందరికీ

ఇది రాయమన్నది మా చెల్లే. "పేరు, ఊరు వద్దక్కా, మిగతాదంతా రాయి, ఇంకో ఆడపిల్లకి పనికొస్తుంది" అంది.

బండి మీద నుంచి పడి కాలు విరిగినప్పుడు నొప్పికి దానికి ట్రమడాల్ రాశారు. ఎముక అతుక్కున్నా మాత్ర మాత్రం వదల్లేదు. ఒక పూట మానేస్తే ఒళ్లు పీకుడు, చెమటలు, వాంతులు, రాత్రంతా జాగారం. 2018లోనే ఆ మందుని మత్తుమందుల చట్టం కిందకు తెచ్చారు. అయినా ఒక షాపులో చీటీ అడక్కుండానే ఇచ్చేవారు. ఇంతలో నెల తప్పింది. బిడ్డకేమవుతుందోనన్న భయంతో అన్నీ ఒక్కసారే ఆపేద్దామనుకుంది.

అప్పుడు అడ్డుపడింది మా ఊరి ఆశా అక్క. పేరు రాసుకోవడానికి వచ్చి, చెల్లి చేతులు వణకడం చూసి, తలుపు దగ్గరకేసి కూర్చుని అంతా విన్నది. "నీ అంతట నువ్వు ఆపకమ్మా, ముందు డాక్టరమ్మకి చెబుదాం" అంది. ఆ మాటే ఇద్దరినీ నిలబెట్టింది. హఠాత్తుగా ఆపితే తల్లి ఒంట్లో పుట్టే ఆ బాధ కడుపులో బిడ్డకీ తగులుతుందని, నెలలు నిండకుండా నొప్పులొచ్చే ప్రమాదం ఉందని డాక్టరమ్మ చెప్పారు.

ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ తీసుకెళ్లాం. కాన్పుల డాక్టరమ్మా, మానసిక వైద్యుడుగారూ మాట్లాడుకుని ట్రమడాల్ బదులు బుప్రెనార్ఫిన్ మొదలుపెట్టారు. ఇలాంటి అలవాటున్నవాళ్లకి ఒంటి బాధ రాకుండా ఇచ్చే, నాలుక కింద పెట్టుకునే మాత్ర అది. కాన్పయ్యేదాకా వాళ్ల పర్యవేక్షణలోనే వాడింది. "షుగరుకి మందు వేసుకోవడం లాంటిదేనమ్మా" అని ఆయన చెల్లి అత్తగారికి ఎంత ఓపికగా చెప్పారో! ఆవిడ కూడా కోడల్ని ఒక్క మాట అనలేదు. ప్రతిసారీ వెంట వచ్చారు. అత్తయ్యగారూ, మీకెన్ని దండాలు పెట్టినా తక్కువే.

బాబు పుట్టిన రెండో రోజు నుంచి కీచుమని ఏడుపు, చేతుల వణుకు, తుమ్ములు, పాలు సరిగ్గా పట్టలేకపోవడం. కడుపులో ఉన్నప్పుడు తల్లి మందు అలవాటైన బిడ్డకి పుట్టాక అది అందక ఇలా ఉండొచ్చని ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాం గానీ, లేకపోతే ఆ ఏడుపు వినలేం. పసిపిల్లల వార్డు సిస్టర్లు దీపాలు తగ్గించి, మెత్తటి గుడ్డలో చుట్టి, చెల్లి గుండెల మీద పడుకోబెట్టేవారు. లక్షణాలు చూసి మార్కులు రాసుకునేవారు. మార్కులు ఎక్కువైతే పిల్లలకి మార్ఫిన్ చుక్కలు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారట, మా వాడికి ఆ అవసరం రాలేదు. తల్లిపాలు ఆపొద్దు, అవే మంచివి అన్నారు. "నీవల్లే" అని ఒక్కరూ అనలేదు. సిస్టర్లూ, అందుకే చెల్లి మీ దగ్గర ఏదీ దాచలేదు.

ఇప్పుడు వాడు పాలు బాగా తాగుతున్నాడు. చెల్లి మందు ఇంకా వాడుతోంది, ఎప్పుడు తగ్గించాలో డాక్టరుగారు చెబుతారు.

ఇలాంటి మాత్రలు వాడుతూ కడుపుతో ఉన్నవాళ్లు చదువుతుంటే, మీ డాక్టరుకి దాచకుండా చెప్పండమ్మా. ఎవరికి చెప్పాలో తెలియకపోతే మత్తు అలవాటు మానడానికి సాయం చేసే ప్రభుత్వ నంబరు 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

ఆశా అక్కా, బారసాలకి నువ్వొచ్చాకే పేరు పెడతాం. చెల్లి గట్టిగా చెప్పమంది.