కమ్యూనిటీ హాళ్లను బ్యాండ్ కుర్రాళ్లకు తెరవండి

సంపాదకుడికి నమస్కారం.

హైదరాబాద్‌లో కాలేజీ ఫెస్ట్ కోసం పుట్టే రాక్ బ్యాండ్లకు కొదవ లేదు. ఫెస్ట్ అయిపోయాక రెండేళ్లు కలిసి ఉండేవి మాత్రం తక్కువ. ఈ కాలం పిల్లలకు ఓపిక లేదని పెద్దలు ఒక్క మాటలో తేల్చేస్తారు. నా మేనల్లుడు డ్రమ్స్ వాయిస్తాడు కాబట్టి దగ్గర్నుంచి చూస్తున్నాను. వాళ్లకు ఓపిక ఉంది, వాయించుకోవడానికి చోటు లేదు.

డ్రమ్ సెట్ మోత వంద డెసిబెల్స్ దాటుతుంది. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. అందుకే అపార్ట్‌మెంట్‌లో వాయించొద్దనే పక్కింటివాళ్లను నేను తప్పుపట్టను. (వినాయక నిమజ్జనానికి అదే వీధిలో కిటికీ అద్దాలు అదిరేలా డీజే పెట్టించేదీ వాళ్లే, అది వేరే సంగతి.) మావాడు స్నేర్ అనే చిన్న డ్రమ్ మీద తువ్వాలు కప్పి, కాలితో వాయించే పెద్ద కిక్ డ్రమ్‌లో దిండు కుక్కి వాయిస్తాడు. చప్పుడు తగ్గుతుంది కానీ, మెల్లగా కొట్టినదానికీ గట్టిగా కొట్టినదానికీ తేడా తెలియదు. గిటారు కుర్రాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాడు. బ్యాండ్‌లోని నలుగురూ ఒకే గదిలో ఉన్నా ఒకరు వాయించేది ఇంకొకరికి సరిగ్గా వినపడదు.

బ్యాండ్లు సాధన చేసుకునే జామ్ రూమ్‌కి వెళితే గంట లెక్కన అద్దె. శ్రుతి చేసుకుని, మైకులు కుయ్యిమనకుండా సర్దుకునేలోపే సగం టైం అయిపోతుంది. ఇక మిగిలిన టైంలో అందరికీ వచ్చిన పాటే వాయించి ఇంటికి వచ్చేస్తారు. సొంత పాట కట్టాలంటే పది రకాలుగా చెడగొట్టుకుని చూసే తీరిక కావాలి.

తెలుగులో పాడేవాళ్లకు ఈ తీరిక ఇంకా అవసరం. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లిష్ రాక్‌లోలాగా మాటను దరువు మీద టక్కున తెంచలేం, చివర సాగుతుంది. గిటారు మోత మధ్య ఆ సాగుడుకు ఎక్కడ చోటివ్వాలో ఎవరికి వారు వెతుక్కోవాల్సిందే. చౌరస్తా బ్యాండ్ జమైకాలో పుట్టిన రెగే సంగీతానికి జానపద బాణీ కలిపి తన దారి చూసుకుంది. అందులోంచి వచ్చిన రామ్ మిరియాల గొంతు ఇప్పుడు సినిమా పాటల్లో ఇంటింటా వినిపిస్తోంది. సంతోషమే. కానీ సినిమావాళ్లు పిలిచేదాకా ఎన్ని బ్యాండ్లు నిలబడగలవు?

వేదికల పరిస్థితీ అంతే. లైవ్ మ్యూజిక్ అంటే ఎక్కువగా పబ్బులే, అక్కడ అడిగేది అందరికీ తెలిసిన హిట్లనే. పైగా తెలంగాణలో మద్యానికి 21 ఏళ్లు నిండాలి కాబట్టి గుమ్మంలోనే వయసు అడుగుతారు. పంతొమ్మిదేళ్ల కుర్రాడి పాటను వాడి క్లాస్‌మేట్లే వినలేరు. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక 2010 నుంచి చిన్న ప్రదర్శనలకు ఆసరాగా ఉంది, కానీ అదొక్కటే ఎంతమందికని చోటిస్తుంది? కేరళలో కప్పా టీవీ 2013లో మ్యూజిక్ మోజో కార్యక్రమం పెడితే తైక్కుడం బ్రిడ్జ్ అనే బ్యాండ్ అందులోంచే పైకొచ్చింది. మేఘాలయ ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన పథకంలో స్థానిక కళాకారులను బహిరంగ ప్రదేశాల్లో పాడించి పారితోషికం ఇస్తోంది.

నేను అంత అడగడం లేదు. మా ప్రాంతంలో కమ్యూనిటీ హాలు పెళ్లికో, ఎన్నికలకో తప్ప తాళం తీయరు. ఇలాంటి హాళ్లలో ఇళ్లకు దూరంగా, ఆటస్థలాల పక్కనో మార్కెట్ల పక్కనో ఉన్నవాటిని నగరపాలక సంస్థ గుర్తించాలి. వారంలో మూడు రోజులు సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా నామమాత్రపు రుసుముకు, డిపాజిట్ తీసుకుని, కుర్రాళ్లకు ఇవ్వాలి. తలుపులకు, గోడలకు తివాచీలు కట్టుకునే పని వాళ్లే చూసుకుంటారు. 2021లో ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపి సండే ఫన్‌డే పెట్టినప్పుడు జనం ఎంత ఇష్టంగా వచ్చారో చూశాం. అలాంటి చోట నెలకు ఒక ఆదివారం సొంత పాటలకు మాత్రమే మైకు ఇస్తే ఇంకా మంచిది.

ఎక్కడైనా సామాను పాడైతే డిపాజిట్‌లో కోసుకోండి. పెళ్లి బుకింగ్ ఉన్న రోజు వాళ్లు రారు. ముందు నగరపాలక సంస్థ ఒక్కో సర్కిల్‌ పరిధిలో ఒక్కో హాలుతో ఆరు నెలలు నడిపి చూడమని అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, హైదరాబాద్