అహ్మదాబాద్‌లోనే అహ్మదాబాద్ ఓడిపోయింది

అహ్మదాబాద్
డిసెంబరు, 2025

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో నాకు గుర్తుంది, నువ్వు గుర్తు చేయక్కర్లేదు. తిట్టుకునే ఉంటావు. దీపావళి ముందు ఒకటి మొదలుపెట్టాను, సగంలో ఆగింది. మొన్న తీసి చూస్తే అందులో రాసిన కబుర్లన్నీ పాతబడిపోయాయి, చించేశాను. గబగబా చెప్పేస్తా: అమ్మ మోకాలు పర్వాలేదు, మెట్లు మాత్రం ఎక్కలేకపోతోంది. పాపకి పరీక్షలు. ఇల్లు మారలేదు, మారతాం మారతాం అంటూనే ఉన్నాం. జీతం సంగతి అడక్కు. అయిపోయింది. ఇక అసలు కథ విను, ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

నవంబరు 26న గ్లాస్గోలో 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కి ఇచ్చేశారని నువ్వూ పేపర్లో చూసే ఉంటావు. ప్రకటన అవగానే ఆ హాల్లోకే డోళ్లు, గర్బా వాళ్లు దూసుకొచ్చారు. ఇక్కడ మా ఆఫీసులో మర్నాడు పని జరిగిందంటే నమ్మకు. స్వీటు డబ్బాలు, పొగడ్తలు. అక్కడితో ఆగితే బాగుండేది. మా మేనేజరు గారు జిలేబీ నములుతూ, "కామన్వెల్త్ వచ్చింది, ఇక 2036 ఒలింపిక్స్ కూడా మన జేబులో ఉన్నట్టే" అన్నారు. అందరూ తలలూపారు.

నా నోరు నీకు తెలుసుగా. పచ్చ గొడుగు రోజు నుంచీ అది నా మాట వినదు. "అంత తేలిక కాదు సార్" అనేశాను. అంతే, గది మొత్తం నావైపు తిరిగింది. ఆంధ్రావాడికి అసూయ అన్నారు. నాది తెలంగాణ అని చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు జిగ్నేష్ అని కొత్త కుర్రాడు ఒకడు, "వాదన ఎందుకు, మనమే ఓటింగ్ పెట్టి చూద్దాం" అన్నాడు. నాకు అది భలే నచ్చింది. అధ్యక్షుడు నేనే. ఒలింపిక్స్ ఊరిని ఎంచడానికి అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం సభ్యులు ఓటేసే పాత పద్ధతిలో అన్నాను: రౌండు రౌండుకీ రహస్య ఓటు, తక్కువొచ్చిన ఊరు బయటికి, ఏదో ఒక ఊరికి సగానికి పైగా వచ్చేదాకా. నాలుగు ఊళ్లు పెట్టాం. అహ్మదాబాద్, దోహా, ఇస్తాంబుల్, కొరియాలోని జోంజు. (సియోల్‌ని కాదని వాళ్లు జోంజునే ఎంచుకున్నారు తెలుసా? అది వేరే కథ, మళ్లీ రాస్తా.)

మొదలు పెట్టబోతుండగా హేతల్ బెన్ లాయరులా ఒక పాయింటు లేపింది. తమ దేశం ఊరు పోటీలో ఉన్నంతసేపూ ఆ దేశం సభ్యులు ఓటు వేయకూడదట, నిజంగానే అలాంటి నియమం ఉంది. మరి మేమందరం భారతీయులమే కదా, ఓటేసేదెవరు? జిగ్నేషే దారి చూపించాడు. దేశాల పేర్లు రాసి చీటీలు తీయించాడు. హేతల్ బెన్‌కి మొనాకో, జిగ్నేష్‌కి సెనెగల్, మేనేజరు గారికి ఫిజీ. నిజానికి అక్కడ సభ్యుడు తన దేశం తరఫున కాదు, వ్యక్తిగా ఓటేస్తాడు. అదే అసలు తంటా అని తర్వాత తెలిసింది మావాళ్లకి.

పావుగంట టైమిచ్చాను. ఆ పావుగంటలో ఏం జరిగిందో నువ్వు చూడాలి! వాటర్ ఫిల్టర్ దగ్గర ఒక గుంపు, మెట్ల మీద ఒక గుంపు. "మొదటి రౌండులో నీ ఊరికి, రెండో రౌండులో నా ఊరికి" అని ఒప్పందాలు. ఆడిట్ చూసే ఆయన ముగ్గురికి మూడు వేరువేరు మాటలిచ్చాడు, ముగ్గురూ నాకొచ్చి చెప్పారు. ఖాళీ స్వీటు డబ్బా ఓటు పెట్టె. పదిహేను చీటీలు. రహస్యం అన్నాం గానీ ఒక చీటీ నిండా జిలేబీ పాకం, అది ఎవరిదో గది మొత్తానికీ తెలుసు.

లెక్క విను. దోహా 5, ఇస్తాంబుల్ 4, జోంజు 4, అహ్మదాబాద్ 2.

మొదటి రౌండులోనే అవుట్! అహ్మదాబాద్ నడిబొడ్డున, అహ్మదాబాద్ వాళ్ల చేతుల్లో! ఒక్క క్షణం ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మేనేజరు గారు డబ్బా బోర్లించి దులిపారు, అడుగున ఇంకేమైనా అంటుకున్నాయేమో అని. ఆ తర్వాత ఒక్కొక్కరి నోరూ విప్పించాం. హేతల్ బెన్ అల్లుడు దోహాలో ఉద్యోగం, "మొదటి రౌండే కదా, మనకి ఎలాగూ మిగతావాళ్లు వేస్తారు" అనుకుందట. ఇంకొకాయనకి ఇస్తాంబుల్ మీద జాలి, పాపం అన్నిసార్లు అడిగి ఓడిపోయింది కదా, 2020 పోటీలో ఆఖరి రౌండుదాకా వచ్చి టోక్యో చేతిలో 60-36తో పోయింది కదా అని. జోంజు ఓట్లు కొరియన్ సీరియళ్లవి. అందరి మాటా ఒకటే: మనవాళ్లు ఎలాగూ వేస్తారు. పాకం చీటీ మేనేజరు గారిది. దాని మీద ఏ ఊరు ఉందో రాయను, ఉద్యోగం చేసుకోవాలి.

నేను ఊరుకుంటానా, షికాగో కథ చెప్పాను. 2009లో 2016 పోటీకి ఒబామా స్వయంగా కోపెన్‌హాగెన్ వెళ్లి మాట్లాడాడు. ఆయన తిరుగు విమానంలో ఉండగానే షికాగో మొదటి రౌండులో 18 ఓట్లతో ఇంటికి పోయింది. ఆ రౌండులో ముందున్నది మాడ్రిడ్, 28తో. గెలిచింది రియో. 1993లో 2000 పోటీకి బీజింగ్ వరసగా ముందుండి ఆఖర్న సిడ్నీకి 45-43తో ఓడింది. ఇవన్నీ చెప్తుంటే మేనేజరు గారి ముఖం కొంచెం తేటపడింది. షికాగోకే తప్పలేదన్న మాట అన్నారు.

కానీ సుబ్బూ, ఆ వేడుక ఇప్పుడు లేదు, అదీ చెప్పాల్సి వచ్చింది. 2019లో పద్ధతి మార్చేశారు. ఇప్పుడు పెద్దలు గుట్టుగా మాట్లాడుకుని సంబంధం ఖాయం చేస్తారు, శుభలేఖలు అచ్చయ్యాక సభలో అవునో కాదో ఓటెయ్యడమే. 2032కి బ్రిస్బేన్ అలాగే వచ్చింది, ఎదురుగా ఇంకో ఊరే లేకుండా, 72-5తో. మనవాళ్లు 2036 మాకు కావాలని 2024 అక్టోబరు 1నే ఉద్దేశ పత్రం పంపారు. పోయిన జూన్‌లో అంతర్జాతీయ సంఘానికి కొత్త అధ్యక్షురాలు కిర్స్టీ కవెంట్రీ వచ్చీ రాగానే ఎంపిక ప్రక్రియే ఆపి, మళ్లీ ఆలోచిద్దాం అంది. కాబట్టి జేబులో ఏముందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే జేబు ఇంకా కుట్టలేదు.

నన్నడిగితే స్టేడియం గొడవే లేదు. మొటేరాలో 1,32,000 మంది కూర్చునేది ఉంది, మెట్రో దాని పక్కనే దింపుతుంది. డబ్బు, జనం, టీవీ ముందు కూర్చునే కోట్లమంది, ఇవి ఒలింపిక్ వాళ్లకి నోరూరించేవే. తంటా అంతా మన ఒలింపిక్ సంఘంలో. వాళ్లలో వాళ్లకే పడలేదు, ఆ గొడవ చూసి అంతర్జాతీయ సంఘం పోయినేడు మనకిచ్చే డబ్బే ఆపేసింది. డోపింగ్‌లో పట్టుబడేవాళ్ల లెక్కలో మనమే ముందు. పారిస్‌లో ఆరు పతకాలు, ఒక్క బంగారమూ లేదు. పిలిచి పెట్టేవాడికి ఆడటం కూడా రావాలిగా అంటాడు మా ఆడిట్ ఆయన, మూడు మాటల మనిషి.

అవతల దోహాని చూడు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ చేసేశారు, 2030లోనే ఆసియా క్రీడలు. కట్టాల్సిందంతా ఇంచుమించు కట్టేసుకున్నారు. ఎండ ఒక్కటే వాళ్ల బాధ. మనకి జూలైలో వాన... అది కూడా... ఏమో.

ఒక మాట చెప్తా, నవ్వకు. వాళ్లందరితో అంత వాదించానా, ఇంటికొస్తూ మెట్రోలో మొటేరా దగ్గర ఆ లైట్లు చూస్తుంటే, రావాలిరా అనిపించింది. 2003లో హైదరాబాద్‌లో ఆఫ్రో ఏషియన్ క్రీడలకి మనం ఎంత తిరిగాం! నీ టోపీ సంగతి ఇప్పుడు రాయను, మీ ఆవిడ ఈ ఉత్తరం చదివితే కష్టం. కానీ వెంటనే 2010 ఢిల్లీ గుర్తొస్తుంది, ఆటలు మొదలవకముందే కూలిన ఆ పాదచారుల వంతెన, ఆ పరువు. ఇంత డబ్బు పోసి రెండు వారాల పండగ... అయితే 2030 సరిగ్గా జరిపితే, ఒక్క వంతెనా కూలకుండా, బిల్లులు దాచకుండా జరిపితే, అప్పుడు నేను కూడా మా మేనేజరు గారి జట్టే. ఈలోపు పదింట నాలుగు అవకాశం అంటాను. జిగ్నేష్ ఏడు అంటాడు. శ్రీఖండ్ డబ్బా పందెం, 2036 విషయం తేలేదాకా వాడు ఈ ఆఫీసులో ఉంటే.

మళ్లీ ఓటింగ్ కావాలని హేతల్ బెన్ గొడవ చేస్తోంది, ఈసారి అల్లుడి దేశాన్ని జాబితాలోంచే తీసేయమంటోంది, అలా కుదరదన్నానని రెండ్రోజులుగా నాకు టీ...

ఇదుగో, నా రూమ్మేటు సికింద్రాబాద్ రైలుకి బయల్దేరుతున్నాడు, ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నా, బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడి అరుస్తున్నాడు. స్థలం కాగితాలు ఏమయ్యాయో రాయి, మీ నాన్నగారి కంటి ఆపరేషన్ ఎప్పుడో

నీ
కిట్టు